పెనుకొండ కంప్యూటర్లలో ఒక ‘అండీ’

పెనుకొండకు నేను కోట చూడ్డానికి వెళ్లలేదు. కొండ ఎక్కడానికీ వెళ్లలేదు. ఒక మనిషి మీద ఏడవడానికి వెళ్లాను. పక్కవాడి విస్తట్లో నెయ్యి ఒక చుక్క ఎక్కువ పడితే మనకు వస్తుంది చూడండి, ఆ ఏడుపు. నాలుగు రోజులు మూడు ఊళ్లు తిరిగి, తృప్తిగా ఏడ్చి వచ్చాను. అటువైపు వెళ్లనివాళ్ల కోసం ఆ సంగతులు రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నేను తణుకులో ఒక ప్రైవేటు హైస్కూల్లో కంప్యూటరు మాస్టారిని. బళ్లలోకి కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ల్యాబు తాళంచెవి నా జేబులోనే ఉండేది. పిల్లలు చెప్పులు గుమ్మం బయట విడిచి, కాళ్లు తుడుచుకుని లోపలికి రావాలి. ఒక్కో కంప్యూటరు ముందు నలుగురు కూర్చుంటే, మౌసు ముట్టుకునే వంతు ఒక్కొక్కరికి వారానికి అయిదు నిమిషాలు వచ్చేది. ఊళ్లో కంప్యూటరు తెలిసిన మనిషినని నాకు పెళ్లిళ్లలో ముందు వరస కుర్చీ వేసేవారు.

నేను ఏడవడానికి వెళ్లిన మనిషి పేరు సులోచన. పెనుకొండ బడిలో టీచరు, సొంతూరు ఆ దగ్గరే రొద్దం. అయిదేళ్ల కిందట హైదరాబాదులో టీచర్లకు ఆర్నెల్ల శిక్షణ పెడితే, ఆమె, నేను ఒకే కంప్యూటరు పంచుకున్నాం. ఆమె ఒక్క వేలితో టైపు చేసేది. నేను నవ్వేవాణ్ణి. అక్కడ మాకు లినక్స్ నేర్పారు. కంప్యూటర్ని నడిపించే ప్రోగ్రాముల్లో అదొక రకం. దానికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. సీడీ కాపీ చేసి పదిమందికి పంచితే తప్పు కాదు సరికదా, అలా పంచమనే చెబుతారు. లోపల రాసిందంతా విప్పి చూసి, మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చు కూడా. తెర మీద కనిపించే ఇంగ్లీషు మాటలకు తెలుగు పెట్టే పని మా ఇద్దరికీ ఇచ్చారు. నేను మూడు వందల పన్నెండు మాటలు తయారుచేసి నోటుబుక్కులో రాశాను. దస్త్రము, నిష్క్రమణ, పునరుద్ధరణ, విసర్జిత పేటిక. ఒక్కో మాటకు రెండేసి నిఘంటువులు తిరగేశాను. శిక్షణ అయ్యాక ఊరికొచ్చి, ఆ మాటల నకలు ఒకటి ఆమెకు పంపి, ఆ సంగతి మర్చిపోయాను. ఆమె మర్చిపోలేదు.

ఒకనాడు మా కరస్పాండెంటు గారు పేపరు తెచ్చి నా ముందు పరిచారు. ‘పెనుకొండ బడిలో తెలుగు కంప్యూటర్లు’ అని సగం పేజీ. మధ్యలో సులోచన ఫొటో. “ఏమండీ వీర్రాజుగారూ, మనం చెయ్యలేమాండీ ఇది? ఓసారి వెళ్లి చూసి రండి, దారిఖర్చులు నేనిస్తాను” అన్నారు. ఆ ‘చెయ్యలేమాండీ’ నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఫొటోలో తెర మీది అక్షరాలు నల్లగా అలుక్కుపోయాయి గాని, అవి నా మాటలేనని నాకు గట్టి నమ్మకం. ఒంటి వేలి టైపిస్టుకు ఇంకెక్కణ్ణుంచి వస్తాయి మాటలు? నోటుబుక్కు వెతికి సంచిలో పెట్టుకున్నాను. వాళ్ల హెడ్మాస్టరు ముందు, పిల్లల ముందు, అది తెరిచి ఈ మాటలెవరివో తేల్చుకుని రావాలని బయల్దేరాను.

ధర్మవరంలో ఉగ్గాని

పొద్దున్నే ధర్మవరంలో రైలు దిగాను. మా వైపు రైలు కిటికీలోంచి ఎటు చూసినా నీళ్లు కనిపిస్తాయి. ఇక్కడ ఎర్రమట్టి, రాళ్లు, బోలెడంత ఆకాశం. ఇంత ఎండిన చోట తిండి ఏం దొరుకుతుందిలే అనుకుంటూ స్టేషను బయట బండి దగ్గర ఆగాను. ఉగ్గాని అని ఒకటి పెట్టాడు. బొరుగుల్ని నీళ్లలో తడిపి పిండి, తాలింపు వేసి, పైన పుట్నాలపొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. ఎనిమిది రూపాయలు. మేం బొరుగుల్ని మరమరాలంటాం, పిల్లలకు సాయంత్రం గుప్పెడు పోసి ఊరుకుంటాం. ఇన్నేళ్లూ మాకెవరికీ వాటిని తడపాలన్న ఆలోచన రాలేదంటే నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. రెండో ప్లేటు కూడా తిన్నాను.

పెనుకొండ వచ్చేముందు ధర్మవరంలో ఓబులేసును చూసి రమ్మని నేను వస్తున్నానని ఫోను చేసినప్పుడు సులోచన చెప్పింది. పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసే మనిషి. నలభై దాటి ఉంటాయి. మగ్గాల చప్పుడు ప్రతి ఇంట్లోంచీ వినిపించే సందులో ముందు గది ఆయనది. గదిలో పాత కంప్యూటరు, మూతలేని పెట్టె, దాని మీద టీ గ్లాసు. నా ల్యాబులో టీ గ్లాసు పెడితే నేను పిల్లవాణ్ణి బయట నిలబెడతాను.

“యాడ నుంచి వస్తాండారు సార్?”

“తణుకండీ. పశ్చిమ గోదావరి.”

“ఓ, అండీ వాళ్లా!” అని ఓబులేసు పెద్దగా నవ్వాడు. నాకు అర్థం కాలేదు.

గళ్ల కాగితం మీద పెన్సిలుతో గీసేవాణ్ణనీ, సులోచన మేడమ్ ఇచ్చిన సీడీతో ఇప్పుడు తెర మీదే గీస్తున్నాననీ చెప్పాడు. ఒక మామిడిపిందెల అంచు చూపించాడు. నేను చూస్తూ ఉండగానే, పాతది ఒకటి తీసెయ్యబోయాడు. తెర మీద చిన్న పెట్టె వచ్చింది. అందులో, ‘నిజంగానేనా అండీ?’

“చూడండి సార్. ఇట్ల అడుగుతాది. మా ఇంట్లో గూడా ఎవురూ నన్ను ఇంత మర్యాదగా అడగరు. ఒకసారి మూడు దినాల పని కండ్లు మూసుకోని తీసేస్తాంటి. ఈ అండీ అడిగే తలికి చెయ్యి ఆగిపాయ. లేకుంటే ఆ చీర లేదు.”

“ఎవరు పెట్టారు ఈ మాట?”

“తెల్దు సార్. ఎవురో మీ పక్క ఆయనే. ఆయప్ప యాడుండాడో గాని, కనపడితే ఒక పూట అన్నం పెట్టల్ల.”

నాకు ఉగ్గాని అక్కడే అడ్డం పడింది. అంటే మా వైపు వాడొకడు నాకంటే ముందే ఇక్కడికి చేరాడు. ఎవడై ఉంటాడు? భీమవరం వాడై ఉంటాడు. భీమవరం వాళ్లకు ప్రతి దాంట్లోనూ ముందే దూరడం అలవాటు. నా నోటుబుక్కులో ఆ పెట్టెకు ‘తమరు నిశ్చయించుకొంటిరా?’ అని రాసుకున్నాను. ఎంత నిండుగా ఉంది! దాన్ని తోసేసి ఇంట్లో మాట్లాడుకునే మాట ఒకటి తెచ్చి పెడతారా? దారంతా ఆ భీమవరం వాణ్ణి తిట్టుకుంటూనే పెనుకొండ బస్సెక్కాను.

పెనుకొండలో చెప్పులు

బస్సు దిగగానే కొండ. దాని కింద ఊరు. సులోచన బడి దగ్గరే నిలబడి ఉంది. ఏం మారలేదు, జుట్టులో రెండు తెల్ల వెంట్రుకలు తప్ప.

“దావలో ఏం ఇబ్బంది పడలేదు కద సార్? రాండి, ఫస్టు ల్యాబు చూద్దురు.”

ల్యాబంటే మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలుండే గది. ఒక పక్క ఇంకా నాలుగు బస్తాలున్నాయి. పదకొండు కంప్యూటర్లు, అన్నీ ఎవరో పాతబడ్డాయని వదిలించుకున్నవే. తలుపుకు గొళ్లెం ఉంది, తాళం లేదు. పిల్లలు చెప్పులతోనే లోపలికి వస్తున్నారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె పెట్టె విప్పి, రంగులు వేసే కుంచెతో లోపలి దుమ్ము దులుపుతోంది. నేను గుండె పట్టుకున్నాను.

“పాడైపోదూ?”

“అయితే మళ్ల బాగు చేస్తాం సార్,” అంది ఆ పిల్ల, తల ఎత్తకుండా.

మా పిల్లలకు ఆ పెట్టెకు మూత ఉంటుందని కూడా తెలియదు. ఇక్కడివాళ్లు సీడీలు ఇళ్లకు పట్టుకుపోతున్నారు. పోయిన శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి వచ్చిన ముత్తైదువలకు సులోచన తాంబూలంలో రవికెగుడ్డ, అరటిపండ్లతో పాటు ఒక్కో సీడీ పెట్టిందట. మా ఇంటావిడ ఇచ్చే తాంబూలంలో ఏనాడైనా అలాంటిది ఉందా? ఆ ఆలోచన నాకెందుకు రాలేదని మా ఇంటావిడ మీద కూడా కోపం వచ్చింది.

కుర్చీ లాక్కుని ఒక కంప్యూటరు ముందు కూర్చున్నాను. నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని నా మాటల కోసం చూశాను. ‘దస్త్రము’ ఉండాల్సిన చోట ‘కాగితం’ ఉంది. ‘అన్వేషించుము’ ఉండాల్సిన చోట ‘దేవులాడు’. ‘విసర్జిత పేటిక’ చోట ‘కసువుబుట్ట’. నేను ‘రద్దు’ అని రాసుకున్న మీట మీద ‘వద్దులే సామీ’ అని ఉంది. అరగంట వెతికాను. మూడు వందల పన్నెండింట్లో ఒక్కటంటే ఒక్కటి లేదు.

దొంగతనం పట్టుకుందామని వచ్చినవాడికి దొంగతనమే జరగలేదని తెలిస్తే సంతోషించాలి. నాకు మాత్రం కడుపు ఇంకా మండింది. నా మాటలు దొంగిలించడానికి కూడా పనికిరాలేదన్నమాట!

“నా మాటలు మీకు పంపాను కదా, ఏమయ్యాయి?” అని అడిగేశాను.

సులోచన ఇబ్బందిగా చూసింది. “అన్నీ పెట్టినాం సార్ ఫస్టు. నారమ్మ దగ్గర నిలబడలేదు.”

నారమ్మ బడిలో వంట చేసే ఆవిడ. చదువు రాదు. వీళ్ల పద్ధతేమిటంటే, ఏ కొత్త మాటైనా పిల్లలు తీసుకెళ్లి పొయ్యి దగ్గర నారమ్మకు చదివి వినిపించాలి. ఆవిడకు అర్థమైతే ఉంటుంది. లేకపోతే అది ఏం పనికో చెప్పి, దాన్నేమంటావని ఆవిణ్ణే అడగాలి. నాకు నమ్మకం కుదరక నేనే పొయ్యి దగ్గరికి వెళ్లాను. నోటుబుక్కు తెరిచి నాకు అన్నింట్లోకీ ఇష్టమైన మాట చదివాను.

“పునరుద్ధరణ.”

నారమ్మ సాంబారు కలుపుతూ ఆగింది. “ఎవురికి బాగలేదు సామీ?”

“ఎవరికీ కాదమ్మా. తీసేసిన దాన్ని మళ్లీ తేవడం.”

“అయితే తిరిగి తే అను. దానికింత బాధ యాల?”

పిల్లలు నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. వెనక్కి వచ్చి చూస్తే, తెర మీద ఆ చోట ‘తిరిగి తే’ అనే ఉంది. అంటే అదే జవాబు ఆవిడ అంతకుముందే ఒకసారి ఇచ్చింది. సాంబారు మరిగేలోపు ఆవిడ పెట్టిన మాటకు నేను రెండు నిఘంటువులు తిరగేశాను.

ఆ మధ్యాహ్నం సులోచన ఇంట్లో రాగిసంగటి, చెనిక్కాయల ఊరుమిండి పెట్టారు. చెనిక్కాయలంటే వేరుశనగ, ఊరుమిండంటే మన పచ్చడే. సంగటి ముద్దను నేను అన్నం నమిలినట్టు నమిలాను. అది పళ్లకూ అంగిలికీ అతుక్కుని, నోరు తెరవడం నా వల్ల కాలేదు. సులోచన వాళ్ల అవ్వ చూసి, “నములుతాండాడే! మింగల్ల నాయనా, మింగల్ల!” అని కేకేసింది. నేను నవ్వబోతే అది కూడా రాలేదు. తర్వాత పద్ధతిగా మింగాను. పొద్దుగూకేదాకా ఆకలి లేదు. మేం మూడు పూటలా వరి తిని మళ్లీ నాలుగింటికి పకోడీల కోసం చూస్తాం. అది కూడా నా ఏడుపుల్లో చేరింది.

ఆ సాయంత్రమూ, మర్నాడూ ఊరంతా తిరిగాను. జిరాక్సు షాపులో, ఎరువుల కొట్లో, దర్గా దగ్గర ఫొటో స్టూడియోలో, ఎక్కడ కంప్యూటరు ఉన్నా అదే సీడీ. ఎక్కడ ఎవరు ఏం తీసెయ్యబోయినా అదే ‘నిజంగానేనా అండీ?’ పిల్లలు దాన్ని ఆటలో కూడా వాడుతున్నారు. ఎవడైనా గొప్పలు చెబితే మిగతావాళ్లు చేతులు కట్టుకుని, “నిజంగానేనా అండీ?” అని మావైపు యాసతో అడుగుతున్నారు. మూడు వందల పన్నెండు మాటలు పోగొట్టుకున్న నేను, ఒక్క మాటతో ఊరంతా ఏలుతున్న ఆ భీమవరం వాడి మీద కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. సులోచన మీది ఏడుపు కూడా వాడి మీదికే మళ్లింది.

హిందూపురంలో ఆదివారం

నెలకో ఆదివారం హిందూపురంలో ఒక బడి వరండాలో వీళ్లంతా కలుస్తారు. పక్కనే చింతపండు మార్కెట్టు, ఆ వాసన వీధి చివర్నుంచే వస్తోంది. జనం మోపెడ్ల మీద కంప్యూటరు పెట్టెల్ని దుప్పట్లలో చుట్టి, చంటిపిల్లల్ని తెచ్చినట్టు తెస్తున్నారు. ఒకాయన కన్నడంలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తున్నాడు. ఆయన మడకశిర వైపు రైతు, కూతురి కోసం పాత కంప్యూటరు కొన్నాడట.

“దుడ్లు ఏం ఇచ్చేది లేదా మేడమ్?” అని సులోచనను మూడోసారి అడుగుతున్నాడు.

“లేదప్పా. నీకు పని అయినంక ఇంగొకరికి ఇయ్యి, అంతే.”

నారమ్మ కూడా వచ్చింది. ఆవిడ లేకుండా మాటలు మార్చరట. బల్ల మీద ఒక కంప్యూటరు పెట్టి, చుట్టూ ముప్ఫై మంది మూగారు. నాకు వెనక కుర్చీ దొరికింది. పెళ్లిళ్లలో నా ముందు వరస కుర్చీ గుర్తొచ్చింది.

నంజుండ అని కుర్ర లెక్కల టీచరు లేచాడు. “అన్ని మాటలూ మనవి పెట్టుకుంటిమి. ఈ ‘నిజంగానేనా అండీ’ ఒకటే మనది కాదు. మనం ఎవురన్నా అండీ అంటామా? ‘నిజమేనాప్పా’ అని మారుద్దాం.”

కొందరు అవునన్నారు. కొందరు వద్దన్నారు. ఓబులేసు ధర్మవరం నుంచి వచ్చి ఉన్నాడు. “ఆ ఒక్కటి వదిలిపెట్టండప్పా,” అన్నాడు. మాట అటూ ఇటూ ఊగింది.

నాకు అంతకంటే మంచి సమయం దొరకదు. లేచాను. “నేను గోదావరి జిల్లావాణ్ణి. ఆ మాట మా వైపుదే. అయినా నేనే చెబుతున్నాను, తీసెయ్యండి. తీరిగ్గా ఆలోచించి పెట్టిన మాట కాదది. ఎవడో నోటికొచ్చింది అనేసి ఉంటాడు. అలాంటి వాడి మాటకు మూడు ఊళ్లల్లో ఇంత గౌరవమా?” అన్నాను. గొంతు కొంచెం ఎక్కువే పెరిగింది. నంజుండ చప్పట్లు కొట్టాడు.

సులోచన నా వైపు వింతగా చూసింది. “ఒక మాట తీసేముందు పెట్టినవాళ్లను అడగల్ల. అది మన రూలు,” అని, మాటల పట్టీ తెరిచింది. ప్రతి మాట పక్కనా దాన్ని పెట్టినవాళ్ల పేరు ఉంటుంది. వేలితో కిందికి జరుపుతూ వెళ్లి ఒక చోట ఆపింది. ఇప్పటికీ ఒక్క వేలే.

“నిజంగానేనా అండీ,” అని చదివింది. “పెట్టినవారు, వీర్రాజు, తణుకు.”

ముప్ఫై తలలూ వెనక కుర్చీ వైపు తిరిగాయి.

“మీకు గుర్తు లేదా సార్? ట్రైనింగులో మనం ఏమన్నా తీసేయబోతే మిషను ఇంగ్లీషులో అడిగేది. అడిగినప్పుడల్లా మీరు దాని పక్క తిరిగి, ‘నిజంగానేనా అండీ?’ అని ఎక్కిరించేవాళ్లు. నాకు నవ్వు ఆగేది కాదు. మీ నోటుబుక్కులో లేదు గాని, మాట మీదే కద. మీ పేరే రాస్తి. నారమ్మకు చదివి చెప్తే మొదటిసారికే సరే అనె.”

ముందు నవ్వింది ఓబులేసు. తర్వాత వరండా అంతా నవ్వింది. నంజుండ కూడా. ధర్మవరం నుంచి నేను తిట్టుకుంటూ వచ్చిన భీమవరం వాడు తణుకు వాడే. వాడు నిఘంటువు తెరవలేదు, రాత్రుళ్లు కూర్చోలేదు, సులోచనను నవ్వించాలని ఏదో అన్నాడు. అది నిలబడింది. నిజం చెప్పాలంటే వాడు నేనేనని తెలిశాక కూడా వాడి మీద కుళ్లు తగ్గలేదు.

“పెట్టినాయనే తీసేయమంటాండాడు,” అన్నాడు నంజుండ. “ఇంగ అడిగేదేముంది?”

“సరే, రాండి సార్. మీ చేత్తోనే తీసేయండి,” అని సులోచన కుర్చీ ఖాళీ చేసింది.

ముప్ఫై మంది చూస్తుండగా కూర్చున్నాను. సంచిలో నోటుబుక్కు మోకాలికి ఒత్తుకుంటోంది. నా పేరున్న వరుస మీద బాణం గుర్తు పెట్టి, తీసేసే మీట నొక్కాను. తెర మధ్యలో చిన్న పెట్టె వచ్చింది.

‘నిజంగానేనా అండీ?’

కింద రెండు మీటలు. ఒకటి ‘అవును’. ఇంకోటి ‘వద్దులే సామీ’.

వెనక నుంచి నారమ్మ గొంతు వినిపించింది. “ఉండనీ నాయనా. మర్యాదగా అడిగేది ఆ ఒకటే ఉండాది.”

‘వద్దులే సామీ’ నొక్కాను.

తణుకులో

మా కరస్పాండెంటు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇప్పుడు మా ల్యాబులో కూడా అదే సీడీ. చెప్పులు విప్పించడం మానేశాను. తాళం మాత్రం ఇంకా వేస్తున్నాను, అలవాటు పోలేదు.

మా పిల్లలు ‘నిజంగానేనా అండీ?’ చూసి నవ్వరు. వాళ్లకది ఇంట్లో మాటే కాబట్టి కనిపించనే కనిపించదు. ‘వద్దులే సామీ’ రాగానే మాత్రం పడీ పడీ నవ్వుతారు. మాటకు మాట పెరిగినప్పుడల్లా ఒకరినొకరు అదే అనుకుంటున్నారు. మొన్న స్టాఫ్ రూములో మా కరస్పాండెంటు గారే టీ వద్దంటూ, “వద్దులే సామీ,” అన్నారు.

“ఇదెవరు పెట్టారండీ మాస్టారూ?” అని పిల్లలు అడుగుతారు. మాటల పట్టీ తెరిచి చూపిస్తాను. ‘పెట్టినవారు, నారమ్మ, పెనుకొండ.’ కిందికి జరుపుతూ పోతే అదే పేరు మళ్లీ వస్తుంది, ఇంకా కిందికి పోతే మళ్లీ వస్తుంది. నా పేరు మొత్తానికి ఒక్క చోటే ఉంది. సులోచన మీద ఏడవడం ఎప్పుడో మానేశాను. ఇప్పుడు నారమ్మ మీద ఏడుస్తున్నాను.